గోడలు లేని గుమ్మం

ఒకానొక రాజ్యంలో అనగానే అదేదో పెద్ద రాజ్యమనుకునేరు. దాని పేరు చిలకలగిరి, అంత పెద్దదేమీ కాదు. ఒక కోట, నాలుగు వీధులు, వారానికొక సంత. కోటలో నగారా మోగిస్తే ఆ చివరి పొలిమేరలో ఎద్దులు చెవులు రిక్కించేవి. రాజ్యమంతా అంతే. దాన్నేలే ప్రతాపమార్తాండ భూపతికి మాత్రం అది భూమండలంలో సగం.

భూపతి చెడ్డవాడు కాడు. కరువొస్తే గాదెలు తెరిపించేవాడు, ఆకలన్నవాడికి అన్నం పెట్టించేవాడు. గొప్పలకు పోవడమొక్కటే ఆయన జబ్బు. తన తల ఎవరి ముందూ వంగదని ఆయన పట్టుదల. మూరెడు ఎత్తు తలపాగా, దాని మీద జానెడు తురాయి పెట్టుకుని తిరిగేవాడు. తురాయి తగలకుండా కోటలో ఉన్న గుమ్మాలన్నీ తీయించి ఎత్తు చేయించాడు. గుడి గుమ్మం దేవుడిది గనుక దాని జోలికి పోలేదు. అప్పటినుంచి పాపం వీధిలో నిలబడే దండం పెట్టుకుంటున్నాడు.

ఆయన కొలువులో వల్లభయ్య అని ఒక మాటకారి ఉండేవాడు. రాజును నవ్వించడం అతని ఉద్యోగం. నవ్విస్తూ నాలుగు మంచి ముక్కలు చెవిన వేయడం అతని అలవాటు. ఉద్యోగానికి జీతం ఉంది, అలవాటుకు అప్పుడప్పుడు చీవాట్లు ఉండేవి.

ఇలా ఉండగా ఒక దసరా ఊరేగింపులో రాజుగారి ఏనుగు వీధి మధ్యలో ఇరుక్కుపోయింది. ఇరువైపుల ఇళ్ళవాళ్ళూ పోటీపడి అరుగులు వీధిలోకి జరుపుకున్నారు మరి. పలుగులు తెచ్చి అరుగులు పగలగొట్టేదాకా భూపతి జాముసేపు అంబారీ మీద ఎండలో కూర్చున్నాడు. దిగీ దిగగానే శాసనం మొదలుపెట్టాడు. వాస్తులో తనంతటివాడు లేడని ఆయన నమ్మకం గనుక ఒకరి సలహా తీసుకోకుండా పదకొండు రోజులు కూర్చుని స్వయంగా రాశాడు. ఇకమీదట చావడిలో అర్జీ పెట్టి అనుమతి పత్రం తీసుకోకుండా ఊళ్ళో ఎవరూ పునాది తవ్వకూడదు, గోడ లేపకూడదు, కప్పు వేయకూడదు. ఏనుగు తిరిగేంత దారి వదలాలి. ఇవన్నీ న్యాయమైన మాటలే.

ఏడో షరతు దగ్గరే వచ్చింది చిక్కు. పైఊళ్ళవాళ్ళు వచ్చి ఎక్కడపడితే అక్కడ పాకలు వేయకుండా చూడాలని, అర్జీ పెట్టుకునేవాడికి ఈ ఊళ్ళో సొంత ఇల్లు ఉండి తీరాలని రాశాడు. ఇల్లున్నవాళ్ళు గదులు పెంచుకున్నారు, మేడలు వేసుకున్నారు, శాసనం భేషుగ్గా ఉందన్నారు. ఇల్లు లేనివాళ్ళు ఏమన్నారో ఎవరూ అడగలేదు.

వల్లభయ్య కూడా అడగలేదు. అతనికీ ఒక మేడగది కావలసి వచ్చి ఒకనాడు చావడికి వెళ్ళాడు. కరణం లేచి నిలబడి, పీట వేసి, తాంబూలం నమిలేలోగా పత్రం చేతికిచ్చాడు. వల్లభయ్య దాన్ని మడుచుకుంటూ వెనక్కి తిరిగితే సున్నం తిప్పమ్మ నిలబడి ఉంది.

తిప్పమ్మను ఎరగనివాళ్ళు ఊళ్ళో లేరు. నలభై ఏళ్ళుగా గానుగ సున్నం ఆడించి, ఊళ్ళో లేచిన ప్రతి గోడకూ తట్టలతో మోసిన మనిషి. ఆమె మొగుడు గురప్ప తాపీ మేస్త్రి. కోట బురుజుల్లో సగం అతని చేతిమీదుగా లేచినవే.

"మళ్ళీ వచ్చావా తిప్పమ్మా. నేనేం చేసేది? నీకు ఇల్లు లేదు, ఇల్లు లేనిదే పత్రం లేదు," అన్నాడు కరణం. కసురుకోలేదు పాపం, అతని మొహంలోనూ సిగ్గు ఉంది.

"ఇల్లుంటే నేను ఈడికెందుకొస్తానయ్యా?" అంది తిప్పమ్మ.

ఆమె గొంతు పెంచలేదు. ఆ ప్రశ్నకు జవాబేమిటో నిజంగానే తెలుసుకోవాలన్నట్టు అడిగి, చెంగు భుజాన వేసుకుని వెళ్ళిపోయింది. తను పత్రం తీసుకుంటుంటే ఆమె ఏడోసారి ఉత్త చేతుల్తో తిరిగి వెళ్ళిందని కరణం చెప్పగా విని వల్లభయ్యకు చచ్చేంత సిగ్గేసింది. తన ఇంటి గోడలకు సున్నం మోసింది కూడా ఆమే.

ఆ సాయంత్రమే అతను సున్నపు గానుగ దగ్గరికి వెళ్ళాడు. కిందటేటి వరదలో ఏటి ఒడ్డునున్న తిప్పమ్మ ఇల్లు కొట్టుకుపోయింది. అప్పటినుంచి మొగుడూ పెళ్ళాలు గానుగ పాకలో ఒక మూల ఉంటున్నారు. పెద్దరాజుగారి కాలంలో పనివాళ్ళకిచ్చిన నాలుగు బారల స్థలం తూర్పు వాకిలి దగ్గర వాళ్ళ పేరనే ఉంది, కట్టుకునేందుకే వీలు లేదు. పాకలో సున్నపు పొడి గాలిలో ఎప్పుడూ ఉండేదే. గురప్ప మంచం మీద దగ్గుతూ కూర్చుని ఉన్నాడు. ఈ పొడిలో, ఈ చెమ్మలో ఇంకో వానాకాలం గడవడం కష్టమని వైద్యుడు చెప్పేశాడట. మృగశిర కార్తెకు నెల కూడా లేదు.

"నా సంగతి వదిలేయ్ సామీ. ఈమె ఊరికే చావడికి తిరిగి కాళ్ళు అరగదీసుకుంటా ఉంది," అన్నాడు గురప్ప.

తిప్పమ్మ ఆ మాట వినిపించుకోలేదు. పాక గోడకు ఒక పాత వేపచెక్క ద్వారబంధం ఆనించి ఉంది. ఆమె దాని ముందు చతికిలబడి గడపకు పసుపు రాస్తోంది. ఇల్లంతా ఏట్లో పోతే ఆ ద్వారబంధం ఒక్కటే తుమ్మచెట్టుకు తట్టుకుని మిగిలిందట. శుక్రవారం గనుక పసుపు రాస్తున్నానంది. ఇల్లే లేనప్పుడు గడపకు పసుపెందుకని వల్లభయ్య అడిగాడు.

"గడప ఉంది గదయ్యా," అంది ఆమె.

వల్లభయ్య ఇంటికి వెళ్ళి ఆ శాసనాన్ని మూడుసార్లు చదివాడు.

మర్నాడు కొలువులో తిప్పమ్మ సంగతి ఎత్తాడు. భూపతి మొహం గంటు పెట్టుకున్నాడు. తన శాసనంలో అక్షరం మారదనీ, మారితే రాజు మాట నీటిమూట అవుతుందనీ, ఇల్లున్నవారికే పత్రమన్నది తిరుగులేని మాటనీ చెప్పాడు.

"ఆమెకు ఇల్లుంటే ఇస్తారా ప్రభూ?" అన్నాడు వల్లభయ్య.

"ఉంటే మా చేత్తో మేమే రాసిస్తాం."

"ఉందో లేదో తేల్చేదెవరు ప్రభూ?"

"వాస్తులో మా కన్నా తెలిసినవాడెవడున్నాడు? మేమే వచ్చి చూస్తాం. అక్కడ ఇల్లు లేకపోయిందో, నీకు కొలువులో చోటు లేదు," అన్నాడు భూపతి, తురాయి ఊగేలా.

వల్లభయ్య నవ్వుతూ దండం పెట్టాడు గానీ కొలువు పోతే ఎలాగన్న బెంగ పట్టుకుంది. అతనికీ పిల్లలున్నారు.

పునాది తవ్వకూడదు, గోడ లేపకూడదు, కప్పు వేయకూడదు. ద్వారబంధం నిలపకూడదని మాత్రం శాసనంలో ఎక్కడా లేదు. గోడ లేకుండా గుమ్మం నిలబెట్టే పిచ్చివాడు ఉంటాడని రాజుగారికి తట్టలేదు. వల్లభయ్య ఆ వేపచెక్క ద్వారబంధాన్ని బండిలో తూర్పు వాకిలికి చేర్పించాడు. గుంత తవ్వకుండా, అటూ ఇటూ వెదురుబొంగులు ఆనించి తాళ్ళతో బిగించి నిలబెట్టించాడు. గురప్పను మంచంతో సహా మోసుకొచ్చారు. అతను వద్దంటున్నా వినకుండా లేచి, దారానికి గుండు కట్టి, పట్టుకుని నిలువు చూశాడు. వెంట్రుకవాసి ఎడమకు ఒరిగిందని సరిచేయించాడు. ఆ కాసేపు అతనికి దగ్గు రాలేదు.

గుమ్మం ముందు తిప్పమ్మ కల్లాపి చల్లి ముగ్గేసింది. గుమ్మానికి మామిడాకులు కట్టింది. గుమ్మం వెనకాల మూడు రాళ్ళ పొయ్యి, నీళ్ళ కడవ, ఒక చాప, గురప్ప మంచం. నాలుగు వైపులా ఉత్త బయలు. మేకలు అటునుంచి ఇటు పోతున్నాయి.

పొద్దెక్కాక పల్లకీ వచ్చింది. ఊరంతా వెంట వచ్చింది. పత్రం రాయడానికి తాటాకూ గంటమూ పట్టుకుని కరణం వచ్చాడు. భూపతి దిగి ఆ గుమ్మాన్ని చూసి మీసం దువ్వుకున్నాడు. నవ్వు ఆపుకుంటూ నాలుగడుగులు ముందుకు వేశాడు. పక్కనుంచి వెళ్తే అడ్డేమీ లేదు, రథం పట్టేంత చోటుంది.

సరిగ్గా అప్పుడు తిప్పమ్మ గడప దాటి బయటికొచ్చింది, చేతిలో చెంబుతో. ఆమెకు వల్లభయ్య ఏమీ నేర్పలేదు. ఇంటికి మనిషి వస్తున్నాడు, ఆమెకు తెలిసింది అంతే.

"కాళ్ళు కడుక్కో నాయనా, ఎండన పడి వచ్చినావు," అంది.

భూపతి చెంబు అందుకున్నాడు. పుట్టినప్పటినుంచి ఉన్న అలవాటు, చెయ్యి దానంతట అదే ముందుకొచ్చింది. చెప్పులు విడిచి పక్కన పెట్టాడు. కాళ్ళు కడుక్కున్నాడు. గుమ్మం దగ్గరికి వచ్చి, గడప తొక్కకుండా దాటడానికి కుడికాలు ఎత్తాడు.

"తల జాగ్రత్త నాయనా, మా గుమ్మం పొట్టిది," అంది తిప్పమ్మ.

ఆ మాట ఆయనతో అన్నవాళ్ళు ఎన్నేళ్ళుగా లేరో. ముందు నడిచేవాళ్ళు బిరుదులు చదివేవాళ్ళు, వెనక నడిచేవాళ్ళు గొడుగు పట్టేవాళ్ళు. తల తగులుతుందేమో చూసుకోమని అన్న మనిషి ఆయన తల్లి, ఆమె పోయి చాలా కాలమైంది. ప్రతాపమార్తాండ భూపతి తలపాగాను ఒక చేత్తో పట్టుకుని, తల వంచి, లోపలికి వెళ్ళాడు.

చెప్పులు విడుస్తాడనేదాకా వల్లభయ్య లెక్క వేసుకున్నాడు. తల వంచుతాడని అతను కలలో కూడా అనుకోలేదు. అతని కళ్ళలో ఎందుకో నీళ్ళు తిరిగాయి.

లోపల తిప్పమ్మ చాప వేసింది. భూపతి కూర్చున్నాడు. గురప్ప లేవబోయి దగ్గులో పడిపోయాడు. ఆ దగ్గు ఎంతసేపటికీ ఆగలేదు. భూపతి మొహంలో మీసం దువ్వుకున్నప్పటి నవ్వు పోయింది. పడుకోమని మేస్త్రిని తనే పట్టి పడుకోబెట్టి, తిప్పమ్మ ఇచ్చిన మజ్జిగ తాగాడు. అప్పటికి తను వచ్చిన పని గుర్తొచ్చింది. తలెత్తి చూస్తే వల్లభయ్య ఒక కాలు గడపకు ఇవతల, ఒక కాలు అవతల వేసుకుని నిలబడి ఉన్నాడు.

"ఏమయ్యా, శుభమా అని ఒకరింటికి వచ్చి గుమ్మంలో నిలబడతావేం? లోపలికి రా," అన్నాడు భూపతి.

"ఎక్కడి లోపలికి ప్రభూ?" అన్నాడు వల్లభయ్య.

భూపతి ఎడమకు చూశాడు, ఒక మేక ఆయన్నే చూస్తోంది. కుడికి చూశాడు, ఊరు ఊరంతా చూస్తోంది. గుమ్మంలోంచి చూస్తే తన జరీ చెప్పులు బయట బుద్ధిగా ఉన్నాయి. ఆయన మీసాలు ముందు అదిరాయి, తర్వాత భుజాలు అదిరాయి. ఆ పైన నవ్వు ఆగలేదు. తలపాగా జారి ఒళ్ళో పడింది. దాన్ని మళ్ళీ పెట్టుకునే ఓపిక కూడా లేక పొట్ట పట్టుకుని నవ్వాడు. రాజు నవ్వాడు గనుక ఊరూ నవ్వింది. కరణమైతే కళ్ళు తుడుచుకుంటూ నవ్వాడు.

"తాటాకు ఇలా తే," అని గంటం అందుకుని, చాప మీద కూర్చునే తన చేత్తో తనే రాశాడు. ఇల్లు ఉన్నది, మేము లోపలికి వెళ్ళి చూచినాము, గోడలు కట్టుకొనవచ్చును అని.

వల్లభయ్యకు చేతి కంకణం తీసి తొడిగాడు. ఇకమీదట ఏ శాసనమైనా వల్లభయ్య చదివాకే ముద్ర పడాలని కూడా ఆజ్ఞ వేశాడు. ఇది బహుమానమో శిక్షో తేల్చుకోలేక వల్లభయ్య దండం పెట్టాడు. ఏడో షరతు సంగతి అతను ఎత్తనేలేదు. ఎత్తే అవసరం రాలేదు. మర్నాడు తెల్లారేసరికి ఊరి చుట్టూ పదహారు ద్వారబంధాలు వెదురుబొంగుల మీద నిలబడి ఉన్నాయి, ఒక్కో గుమ్మంలో ఒక్కో ఇల్లాలు చెంబుతో. ఇన్నింటికి తల వంచితే మెడ పట్టేస్తుందని నవ్వుకుంటూ భూపతి తనే ఆ షరతు కొట్టేశాడు.

గురప్ప దగ్గర పని నేర్చుకున్న తాపీవాళ్ళు ఊళ్ళో ముప్పైమందికి పైనే. పిలవకుండా అందరూ వచ్చారు. తిప్పమ్మను తట్ట ముట్టుకోనివ్వలేదు. మంచం మీదినుంచి గురప్ప ఒక్కొక్కణ్ణీ తిడుతూ రాళ్ళు వరస పెట్టించాడు. మృగశిర మొదటి చినుకు పడేనాటికి కప్పు పూర్తయింది.

ఆ వానాకాలం గురప్ప దగ్గలేదని చెబితే మీరు నమ్మరు, నేనూ చెప్పను. దగ్గాడు. కానీ తన ఇంట్లో దగ్గాడు.