సుంకులమ్మ పొయ్యి వెలిగించిన గది

మా గురువు చిదంబరప్పగారికి ఒక అలవాటు. ఎవరైనా కోపంగా ప్రశ్న వేస్తే వెంటనే జవాబు చెప్పరు. చేతికందిన పని ఏదో ముందేసుకుని, అడిగినవాళ్లు నీరసపడేదాకా ఊరుకుంటారు. ఆ రోజు భార్గవి మఠానికి వచ్చేసరికి చింతపండు పిక్కలు తీస్తున్నారు.

భార్గవి అణ్వాయుధాలు వద్దనే ఒక సంస్థలో ఏళ్ల తరబడి పనిచేస్తున్న మనిషి. దేశదేశాల ప్రతినిధులు కూర్చునే సభలకు వెళ్లి, వాళ్లు మరిచిపోదామనుకున్న సంగతులన్నీ గుర్తుచేసి రావడం ఆమె ఉద్యోగం. ఈసారి సభ ఉమ్మడి ప్రకటన కూడా లేకుండానే ముగిసింది. ఇక రాజీనామా చేసెయ్యాలని నిశ్చయించుకుని, ఆ మాట చెప్పడానికే వచ్చింది.

"బాంబులు లేని దేశాలేమో వద్దని సంతకాలు చేస్తాయి స్వామీ. ఉన్నవాళ్లు ఆ సంతకాల గది వైపే రారు. అడిగితే, అవతలివాడు ముందు తీసేస్తే మేమూ తీసేస్తామంటారు. తీసేశామని ఒకడు చెప్పినా రెండోవాడు నమ్మడు. దీనికి నా సగం జీవితం ధారపోశాను. ఇది అసలు అయ్యే పనేనా?"

ఆమె ఇంకా చాలా అంది. అంతా అయ్యాక గురువుగారు చేతులు కడుక్కుని వచ్చి, మఠానికి వస్తూపోతూ ఉండే రాళ్లదొడ్డి ఊరివాళ్ల సంగతి చెప్పారు.

రాళ్లదొడ్డిలో పైవీధికీ దిగువవీధికీ పాత పగలు. ఎందుకు మొదలయ్యాయంటే ఒక్కొక్కరు ఒక్కో కథ చెబుతారు. చచ్చినవాళ్ల పేర్లు మాత్రం అందరూ తడుముకోకుండా చెబుతారు. రెండు వీధుల్లోనూ నాటుబాంబులు ఉండేవి. అది దాగే సంగతి కాదు. బాంబులున్న గదిలో దీపం పెట్టరు, పొయ్యి వెలిగించరు. కాబట్టి ఏ ఇల్లాలు వంటగది వదిలేసి ఎండనకా వాననకా వాకిట్లో వండుతోందో, ఆ ఇంట్లో సరుకు ఉన్నట్టే లెక్క. పెద్దమనుషులు ఎన్నోసార్లు రాజీ చేశారు. రెండు వీధులవాళ్లూ దేవుడి మీద ఒట్టేసి కొన్ని తెచ్చి నీళ్లలో వేసేవాళ్లు, కొన్ని దాచుకునేవాళ్లు. ఎదుటివాళ్లు దాచారని ఎలా తెలుసంటే, తామూ దాచారు గనక.

పైవీధి పెద్ద మద్దిలేటి. అతని తల్లి సుంకులమ్మ, పెద్దకొడుకును ఈ పగల్లోనే పోగొట్టుకున్న మనిషి. ఒకరోజు ఆమె వాకిట్లో జొన్నరొట్టెలు కాలుస్తుంటే, అప్పుడప్పుడే నడక నేర్చిన మనవరాలు కోడిపిల్ల వెంటబడి వంటగదిలోకి పోయింది. పురికొస చుట్టిన నాటుబాంబు ఉండ ఒకదాన్ని రెండు చేతులా పట్టుకుని బయటికొచ్చింది. సుంకులమ్మ అరవలేదు. అరిస్తే పిల్ల జారవిడుస్తుంది. నవ్వుమొహంతో దగ్గరికి పోయి, ఆ ఉండను అందుకుని తొట్టి నీళ్లలో మెల్లగా వదిలింది. తర్వాత పిల్లను చంకనేసుకుని వంటగది తలుపుకు గొళ్లెం పెట్టింది.

కొడుకు పొలం నుంచి రాగానే అన్నీ తీసెయ్యమంది.

"నేను తీసేస్తే రేపే వచ్చి మీద పడతారు మా. వాళ్లు మాత్రం తీస్తారా యాడన్నా?" అన్నాడు మద్దిలేటి.

"తీస్తారో లేదో నాకేం తెల్సు నాయనా. మనింట్లో పెట్టుకోని, వాళ్లింటికి ఏం మొగం పెట్టుకోని పోయి అడిగేది?"

తల్లి మొండితనం తెలిసినవాడు గనక తీశాడు. మర్నాడు సుంకులమ్మ దిగువవీధి ఆడవాళ్లను భోజనానికి పిలిచింది. వాళ్లు వచ్చారు గానీ గడప దాటలేదు. వెనకాల వాళ్ల మగవాళ్లు నిలబడ్డారు. అందరూ చూస్తుండగా ఆమె వంటగదిలో పొయ్యి అలికి, కట్టెలు పేర్చి, అగ్గిపెట్టె చేతిలోకి తీసుకుంది.

"నా పక్కన కూర్చో మద్దిలేటీ," అంది.

మద్దిలేటి కదల్లేదు. ఆమె కొడుకు మొహంలోకి చూసింది. అగ్గిపుల్ల బయటికి తీసింది.

"ఆగు మా," అంటూ అతను గబగబా లోపలికొచ్చి, గోడవారనున్న గాదె వెనక చెయ్యి పెట్టి, మిగుల్చుకున్నవి తీసుకెళ్లి తొట్టిలో వేశాడు. తలెత్తకుండా తిరిగొచ్చి తల్లి పక్కన కూర్చున్నాడు. అప్పుడామె పుల్ల గీసింది.

సుంకులమ్మకు తల కొట్టేసినట్టయింది. కన్నకొడుకు అబద్ధం ఊరు ఊరంతా చూసింది. కానీ దిగువవీధివాళ్లకు నమ్మకం కుదిరింది ఆ అబద్ధం బయటపడ్డాకే. వాళ్లలో రంగమ్మ అని ఒకావిడ ఉంది. ఆమె భర్తను చంపింది మద్దిలేటి మనుషులే. ఆమె అందరికంటే ముందు గడప దాటి వచ్చి, మండుతున్న పొయ్యి ముందు కూర్చుంది. మిగతా ఆడవాళ్లు ఒకరి వెనక ఒకరు వచ్చారు.

"మరి దిగువవీధివాళ్లూ తీసేశారా?" అని అడిగింది భార్గవి.

"రంగమ్మ ఇంట్లో తీశారు. తర్వాత ఆమె పక్కింట్లో. మధ్యలో ఒకాయన తీసేశానని చెప్పి, నెల తిరక్కుండా మళ్లీ వాకిట్లో పొయ్యి పెట్టించాడు. ఆ ఇంటిది మళ్లీ మొదట్నుంచీ మొదలు. చాలా ఏళ్లు పట్టింది. ఇంకా ఒక ఇల్లు మిగిలే ఉంది. సుంకులమ్మకు నడుం వంగిపోయింది గానీ, చంకలో నాలుగు కట్టెపుల్లలు పెట్టుకుని ఆ ఇంటికి పోతూనే ఉంది. మీ వంటగదిలో పొయ్యి నేను వెలిగిస్తా, మీరొచ్చి నా పక్కన కూర్చోండి అంటుంది. వాళ్లు తిట్టి పంపుతారు. మళ్లీ పోతుంది."

భార్గవి కళ్లు ఎర్రబడ్డాయి.

"ఆ ఇంటివాళ్లు ఎప్పటికైనా ఒప్పుకుంటారంటారా స్వామీ?"

"ఏమో తల్లీ," అన్నారు గురువుగారు. "సుంకులమ్మ ఆ మాట నన్నెప్పుడూ అడగలేదు."