తువాలు జారకుండా

ఉదయం ఆరున్నర. సన్నగా చినుకులు.

ముందురోజు జిమ్ములో మా అమ్మాయి పూర్ణ ఎత్తిన బరువుల రాడ్డు తల దాటి వెనక పడింది. యాభై ఐదు కిలోలు. మెడకు జానెడు దూరం. నేను జిమ్ము గుమ్మంలోనే ఉన్నాను.

పొద్దున సున్నం పనికి పోతూ జిమ్ము షెడ్డు దగ్గర ఆగాను. చేతిలో కుంచె కట్టిన వెదురు గెడ. పూర్ణ నా వెనకే వచ్చింది.

సూరప మాస్టారు నేల తుడుస్తున్నారు. ముప్పై ఏళ్లుగా మా ఊరి పిల్లలకు బరువులెత్తడం నేర్పుతున్నది ఆయనే.

"దీన్ని ఇక పంపను బాబూ," అన్నాను.

"ముందు కూర్చోమ్మా," అన్నారు నాతో.

పూర్ణకు కోపం వచ్చింది. "నాకు బలం చాలక పడింది మాస్టారూ. ఇంకో ఐదు కిలోలు వేసి చేయించండి. ఇరవై రోజుల్లో జిల్లా పోటీలు. అమ్మకేం తెలుసు, గోడలకు సున్నాలు కొట్టుకునే మనిషి."

మాస్టారు నా గెడ అడిగి తీసుకున్నారు. కుంచె విప్పి పక్కన పెట్టారు. పూర్ణను గోడకు ఆనుకోమని, మడమలు కాస్త ముందుకు జరపమన్నారు. భుజం మీది తువాలు నాలుగు మడతలు వేసి, పూర్ణ నడుముకూ గోడకూ మధ్య పెట్టారు.

"దీన్ని నడుంతో అదిమి పట్టు. మోచేతులు వంచకుండా గెడ పైకెత్తి, గోడకు తాకించు."

"ఇంతేనా?" అని నవ్వింది.

గెడ నుదురు దాటింది. నడుం గోడను వదిలేసింది. తువాలు జారి కింద పడింది.

మూడుసార్లు ఎత్తింది. మూడుసార్లూ పడింది. నవ్వు పోయింది.

"భుజం బిగుసుకుని ఇవ్వనిది నడుం వంచి లాక్కుంటున్నావు. నిన్న నడుం కూడా ఇవ్వలేదు, అందుకే రాడ్డు వెనక్కి పోయింది," అన్నారు మాస్టారు. తర్వాత నా వైపు తిరిగారు. "నువ్వు రామ్మా."

"నేనా బాబూ?"

"నువ్వే."

కొంగు దోపుకుని గోడకు ఆనుకున్నాను. చూరు కింద సున్నం కొట్టేటప్పుడు ఎత్తినట్టే ఎత్తాను. గెడ గోడకు తగిలి టక్కుమంది. తువాలు ఎక్కడిదక్కడే ఉంది.

"ఎన్నేళ్లయింది ఈ పనిలోకి వచ్చి?"

"పెళ్లయిన మరుసటేడు వచ్చాను."

"మొదటిరోజు ఎలా ఉంది?"

"మర్నాడు జడేసుకోడానికి చేతులు లేవలేదు బాబూ."

పూర్ణ వంగి, నా వెనక నుంచి తువాలు తీసుకుంది. నా మొహం చూడలేదు.

"రాడ్డు ముట్టుకోకు. తువాలు నిలిచిన రోజున అడుగు," అన్నారు మాస్టారు.

"ఈలోగా పోటీలు అయిపోతే?"

"ఏటా ఉంటాయి."

ఇక పంపనన్న మాట నేను మళ్లీ ఎత్తలేదు. నా గెడ పూర్ణకు వదిలి, పక్కింటి వాళ్ల గెడ అడిగి పనికి పోయాను.

ఆ రోజు నుంచి మా వంటింటి గోడ దగ్గర పొద్దునా సాయంత్రం తువాలు పడుతూనే ఉండేది. "పోటీకి నువ్వే పోరాదా అమ్మా," అనేది, చేతులు నొప్పెట్టినప్పుడు. నూనె రాసేదాన్ని. భుజాలు రాయిలా ఉండేవి. రోజురోజుకూ కొంచెం కొంచెంగా వదులయ్యాయి.

పన్నెండో రోజు పొద్దున నన్ను పిలిచింది. గెడ గోడకు తగిలి ఉంది. తువాలు పడలేదు. అప్పుడు వెళ్లి మాస్టారిని రాడ్డు అడిగింది.

పోటీల రోజు పూర్ణతో కలిపి ఆరుగురు ఆడపిల్లలు, మాస్టారు ఒకే ఆటోలో వెళ్లారు. పూర్ణ గెడ కూడా తీసుకెళ్లింది, ఎత్తబోయే ముందు భుజాలు కదుపుకోడానికి. నేను వెళ్లలేదు. రాడ్డు మళ్లీ పడితే చూడలేను.

సాయంత్రం ఆటో మా ఇంటి ముందు ఆగింది. పొద్దుటి నుంచి పడుతున్న చినుకులు ఆగాయి. ఆటో పైన కట్టిన గెడ అందుకోడానికి పూర్ణ రెండు చేతులూ ఎత్తింది. చెవుల పక్కగా, తిన్నగా. నడుం కదల్లేదు.

"అమ్మా, ఎంతెత్తానో అడగవేం?"

"ఉండవే."

దిగేవాళ్లను చూస్తున్నాను. పూర్ణ. వెనక సీట్లోంచి ఒకరు, ఇద్దరు, ముగ్గురు, నలుగురు, ఐదుగురు. ముందు నుంచి మాస్టారు.

ఏడుగురూ క్షేమంగా వచ్చారు.