ఎవరి కాళ్ళ మీద వాళ్ళు

ఒకానొక రాజ్యంలో, పన్ను కట్టేవాళ్ళకన్నా సలహాలు చెప్పేవాళ్ళు ఎక్కువైన రోజుల్లో, ఉద్దండవర్మ అనే రాజు ఏలుబడి చేసేవాడు.

ఒక పండితుడు ఆయన చెవిన ఒక మాట వేశాడు. ఒకరి దగ్గర లాక్కుని ఇంకొకరికి పెట్టడం రాజధర్మం కాదనీ, రాజు పక్కకు తప్పుకుంటే జనమే ఒకరినొకరు ఆదుకుంటారనీ. మాట బాగానే ఉంది, నాకూ సగం నచ్చింది. రాజుకు పూర్తిగా నచ్చి మర్నాడే దండోరా వేయించాడు: ఇకమీదట ఎవరి కాళ్ళ మీద వాళ్ళు నిలబడాలి.

ఏటి ఒడ్డున ఖజానా సొమ్ముతో ముసలీ ముతకకు అంబలి పోసే పాకకు తాళం పడింది. చూపు పోయిన గవరమ్మకు ఆ పాక తప్ప దిక్కు లేదు.

ఆస్థానంలో పేరయ్య అనే హాస్యగాడు ఉన్నాడు. ఆయన రాజుతో వాదించలేదు. పల్లకీ మోసే బోయీలతో ఏదో గుసగుసలాడి ఊరుకున్నాడు.

ఆ సాయంత్రం రాజు పల్లకీలో ఏరు దాటుతున్నాడు, పేరయ్య పక్కనే నీళ్ళలో నడుస్తున్నాడు. గట్టు ఇంకాస్త దూరం ఉందనగా బోయీలు పల్లకీ దించేశారు. నీళ్ళు రాజుగారి మొలదాకా వచ్చాయి. ఇదేమిట్రా అని గద్దించాడు.

"దండోరా విన్నాం మారాజా. ఎవరి కాళ్ళ మీద వాళ్ళు నిలబడాలంట గదా."

"మీకు కూలి ఇస్తున్నాను. ఇది దానం కాదు, బేరం."

ఆ మాటా నిజమే. బోయీలు పేరయ్య వంక చూశారు.

"ఆ కూలి జనం కట్టిన పన్నే కదా ప్రభూ," అన్నాడు పేరయ్య. "గవరమ్మ కళ్ళున్నన్నాళ్ళూ బుట్టలల్లి పన్ను కట్టింది. అన్నాళ్ళూ మిమ్మల్ని ఆవిడా మోసింది."

రాజుకు అంతా అయోమయమైపోయింది. "అయితే నేనిప్పుడు ఎవరి కాళ్ళ మీద ఉన్నట్టు?" అంటూనే కాలు జారి నీళ్ళలో పడ్డాడు. గట్టున తాళం వేసిన పాక ముందు కూర్చున్న గవరమ్మ ఆ చప్పుడు విని, ఎవరో ఏమిటో అడక్కుండా చేతికర్ర చాపింది. రాజు దాన్ని పట్టుకుని గట్టెక్కాడు.

ఎక్కగానే ఆయన మొహం వెలిగింది. "చూశావా పేరయ్యా, ఏ రాజాజ్ఞా లేకుండానే సాయం చేసింది. పండితుడి మాటే నెగ్గింది."

"నెగ్గింది ప్రభూ. కాకపోతే నిన్న అంబలి తాగింది గనక ఇవాళ కర్ర చాపగలిగింది. రేపు మాత్రం తమరు జారకండి."

రాజు తడిబట్టల్లోనే పగలబడి నవ్వాడు. వేలి ఉంగరం తీసి పేరయ్యకిచ్చాడు, పాక తాళం తీయమన్నాడు. దండోరా ఏమని మార్చమంటారని తప్పెటవాడు అడిగితే, "నిలబడగలిగినవాళ్ళు" అన్న మాట ముందు చేర్చమన్నాడు.

ఆ తర్వాత పల్లకీలో ఒక కాలు పెట్టి, రెండో కాలు నేల మీదే ఉంచి, ఎక్కాలో దిగాలో తెలియక చాలాసేపు అలాగే ఉండిపోయాడట.