తెల్ల శలాక ఎవరిది?

ఒకానొక రాజ్యంలో... రాజ్యమని ఇప్పుడంటున్నాం గానీ, అంతకు ముప్పయ్యేళ్ల కిందట అది రాజ్యం కాదు, గణం. రోహణ గణమనేవారు. అక్కడ ఒక్కడే రాజంటూ ఉండేవాడు కాదు. ఇంటిపెద్దలంతా ఊరి నడుమ కొయ్య మంటపంలో చాపల మీద కూర్చుని ఏ సంగతైనా తేల్చుకునేవారు. మాట తెగకపోతే శలాకలు పంచేవారు. శలాకంటే జానెడు కర్రపుల్ల. మనిషికి రెండిచ్చేవారు. ఔననేవాడు తెల్లదీ, కాదనేవాడు ఎర్రదీ తెరచాటున ఉన్న బుట్టలో వేసి, మిగిలినది పక్కనున్న కుండలో పడేసేవాడు. ఎవరేది వేశారో పక్కవాడికి కూడా తెలిసేది కాదు.

ఆ శలాకలు పంచే పని పూర్ణకుడిది. తర్వాత పొరుగు రాజు దండెత్తి వచ్చి గణాన్ని తన రాజ్యంలో కలిపేసుకున్నాడు. ఆయన కొడుకు చండబాహువు ఇప్పుడు ఏలుతున్నాడు. పూర్ణకుడి మాట చమత్కారం నచ్చి అతణ్ణి కొలువులో ఉంచుకున్నాడు.

ముసలివాడు రోజూ కొలువుకు పోతూ మంటపం దగ్గర కాసేపు ఆగేవాడు. కాలువ తవ్వాలా వద్దా అని మూడు రోజులు అరుచుకున్న గొంతులు, మధ్యలో మూట విప్పి పంచుకున్న అటుకులు, చివరికి ఓడినవాళ్లే ముందుగా పలుగు భుజాన వేసుకుని బయల్దేరడం, అన్నీ కళ్లముందు కదిలేవి. ఏం కేకలవి! ఆ కేకలంటే అతడికి ప్రాణం.

చండబాహువుకు మాత్రం ఒక్క మాటే వినసొంపు. "చిత్తం."

ఒకనాటి ఉదయం కొలువులో ఆయన మీసం దువ్వుకుంటూ, "ఆ పాత మంటపం పడగొట్టించి గజశాల కట్టిస్తున్నాం. ఏమంటారు?" అన్నాడు.

"చిత్తం!" అన్నారు పదకొండుమంది అధికారులూ.

 పూర్ణకుడికి రాజు కాళ్లమీద పడి ఏడవాలనిపించింది. కానీ ఈ రాజు ఏడిస్తే వినే రకం కాదు, ఉబ్బిస్తే వినే రకం. అందుకని నవ్వు తెచ్చిపెట్టుకున్నాడు.

"ప్రభూ! గణం రోజుల్లో ఏళ్ల తరబడి శలాకలు పంచాను. అందరూ ఒకే రంగు వేసిన రోజు ఒక్కటీ చూడలేదు. ఏలినవారి సభలో ఆ వింత కళ్లారా చూసి, ఆ మీదట మంటపం కూలినా చింత లేదు."

రాజు పొంగిపోయాడు. "చూద్దువుగాని! నా సభలో ఒక్కడు కాదన్నా ఆ మంటపాన్ని ముట్టుకోను. అందరూ ఔనంటే మొదటి స్తంభం నువ్వే నరకాలి. సరేనా?"

"సరే ప్రభూ," అన్నాడు ముసలివాడు. 

మర్నాడు పొద్దున్నే పూర్ణకుడు రాజును అందరికంటే ముందుగా మంటపానికి రప్పించాడు. "మొదటి శలాక ఏలినవారిదే కావాలి. వేసినట్టు ఎవరికీ చెప్పకండి," అని బతిమాలాడు. రాజు ముచ్చటపడి తెల్ల శలాక బుట్టలో వేసి, బయటికొచ్చి సింహాసనం తెప్పించుకుని కూర్చున్నాడు. తర్వాత అధికారులొచ్చారు. ఒక్కొక్కరే తెరచాటుకు వెళ్లి వచ్చారు.

పూర్ణకుడు బుట్టను రాజొక్కడికే చూపించాడు. రాజు మొహం జేవురించింది. పదకొండు ఎర్రవి. తెల్లది ఒక్కటే.

"నమ్మకద్రోహులు!" అంటూ కత్తి మీద చెయ్యి వేశాడు.

"కోపం దేనికి ప్రభూ?" అన్నాడు పూర్ణకుడు గట్టిగా, అందరికీ వినబడేలా. "తెల్లది ఒక్కటుందిగా! అది వేసిన విశ్వాసపాత్రుడికి ముందు సత్కారం చేయండి."

ఆ మాట నోట్లో ఉండగానే సేనాని లేచాడు. "అది నాదే ప్రభూ!"

"అబద్ధం! నాది!" అన్నాడు పురోహితుడు.

"నాదంటే నాది" అని పదకొండుమందీ తోసుకుంటూ ముందుకొచ్చారు. గజశాలాధ్యక్షుడైతే తన దివంగత తల్లి మీద ఒట్టేశాడు.

రాజు చెయ్యి కత్తి మీదే ఆగిపోయింది. ఆ తెల్లది ఎవరిదో ఆయనకూ పూర్ణకుడికీ తప్ప ఎవరికీ తెలియదు.

"పూర్ణకా," అన్నాడు, "ఇన్నేళ్లుగా నేను విన్న చిత్తాలన్నీ ఇలాంటివేనా?"

"నాకేం తెలుసు ప్రభూ? వీళ్ల నోళ్లు మీకు భయపడతాయి, పుల్లలు భయపడవు. మీకు నిజం చెప్పే చోటు ఊళ్లో ఇదొక్కటే ఉంది. దీన్నీ ఏనుగులకిచ్చేస్తే మీరెక్కడికి పోయి అడుగుతారు?"

రాజు ముందు పెదవి బిగించాడు. తర్వాత, తల్లి మీద ఒట్టేసిన గజశాలాధ్యక్షుడి మొహం చూసి, ఆపుకోలేక పొట్ట పట్టుకుని నవ్వాడు. "గజశాల ఊరి బయట కడదాం. నెలకోసారి సభ ఇక్కడే, శలాకలు నువ్వే పంచు," అని తన బంగారు కంకణం తీసి ముసలివాడి చేతికి తొడిగాడు. "ఇంకేం కావాలో కోరుకో."

"ఆ సింహాసనం ఇక్కడినుంచి తీయించండి ప్రభూ. ఇక్కడ అందరికీ చాపలే."

పూర్ణకుడే చాపలు పరిచాడు. రాజు మోకాళ్లు పట్టుకుని మూలుగుతూ సేనానికీ పురోహితుడికీ మధ్య చతికిలబడ్డాడు. ఆ మంటపంలో మనుషులు వరసగా చాపల మీద కూర్చుని ముప్పయ్యేళ్లయింది. ముసలివాడు పైపంచెతో కళ్లు ఒత్తుకున్నాడు, ఎవరు చూసినా సరే అనుకున్నాడు.

"ఇకనైనా," అన్నాడు రాజు, "నేను తప్పు మాటంటే నా మొహం మీదే కాదంటారా?"

 గజశాలాధ్యక్షుడు చేతులు జోడించాడు.

"ఆ సంగతి... శలాకలతో అడిగితే చెబుతాం ప్రభూ."

అందరికంటే ముందు రాజే నవ్వాడు.