టైగరు బదులు మొరిగే మైకు

జంతువులు మాట్లాడతాయా అని అనుమానం ఉన్నవాళ్లు ఆదెయ్య జొన్నచేను గట్టు మీద ఒక్క పూట కూర్చుని రండి. అక్కడ మోగే మైకు విన్నాక, ఆ గొడ్డూ గోదా నోరు తెరవకుండా ఎట్లా ఉండగలవో మీరే చెప్పండి. నేనైతే వాటి ఓపికకు దండం పెడతాను.

చేను వాగుకు ఆనుకుని ఉంటుంది. చేను కొసన రేకుల కొట్టం. కొట్టం ముందు కట్టుకొయ్యకు పుల్లన్న అనే ముసలి ఎద్దు. వాకిట్లో గడ్డివామి పక్కన పిల్లల్ని వెంటేసుకుని నేల కెలుక్కుంటూ తిరిగే చుక్కల పెట్ట. వీళ్లందరికీ కాపలా టైగరు. పేరు విని భయపడకండి, గోధుమ రంగు ఊరకుక్క. పనిలో మాత్రం వంక పెట్టడానికి లేదు. పొద్దున లేవగానే చేను చుట్టూ తిరిగి, గట్టు గట్టూ వాసన చూసి, వాగు వైపు గట్టిగా మొరిగితే గానీ గంజి ముట్టేవాడు కాదు. వాగు అవతల పొదలో కాపురముండే నక్క ఆ మొరుగు విని ఎలుకలతో సరిపెట్టుకునేది.

పిట్టల్ని తోలే పని ఆదెయ్య భార్య తిరపతమ్మది. మంచె ఎక్కి వడిసెలలో రాయి పెట్టి తిప్పిందంటే చిలకలు పక్క ఊరి చేలు చూసుకునేవి.

అంతా బాగానే జరుగుతోంది కదా, అట్లా జరిగితే ఆదెయ్యకు తోచదు. ఈ ఏడు బజారు నుంచి ఒక మైకు తెచ్చాడు. పసుపుపచ్చ బూర, దానికో వైరు, కింద చిన్న బ్యాటరీ. మనం ఏది అరిస్తే అది పట్టుకుని, ఆపేదాకా మళ్లీ మళ్లీ అదే అరుస్తుంది. ఆదెయ్య దాని ముందు కూర్చుని "హేయ్, హేయ్, పో, పో" అని అరిచాడు. నూనె డబ్బా మీద కర్రతో వాయించాడు. తాగిన చుట్ట గొంతుకు అడ్డం పడితే ఖళ్లుఖళ్లున దగ్గాడు. ఆ తర్వాత టైగరు తోక పట్టి లాగి మొరిగించాడు. దగ్గు తీసేసి మళ్లీ మొదట్నుంచి అరవొచ్చు, కానీ ఆయనకంత ఓపిక ఎక్కడిది? దగ్గుతో సహా మైకును వెదురుబొంగుకు కట్టి కొట్టం పక్కన పాతాడు. తిరపతమ్మను మిరపకోతల కూలికి పంపాడు. తను కొట్టంలో మంచం వాల్చుకుని సెల్‌ఫోన్‌లో తల దూర్చాడు.

ఇక చూసుకోండి. హేయ్ హేయ్, డబడబ, దగ్గు, భౌభౌ. మళ్లీ హేయ్ హేయ్, డబడబ, దగ్గు, భౌభౌ. పొద్దు పొడిచింది మొదలు పొద్దు గూకేదాకా ఇదే. పుల్లన్నకు నెమరు సరిగా పడటం లేదు. పెట్టకు చెవులు దిమ్మెక్కాయి. టైగరు ఒక్కడే బొంగు కింద పడుకుని, బూర వైపు చూస్తూ మురిసిపోయాడు.

"విన్నావా వదినా, ఆ చివర మొరిగేది నేనే," అన్నాడు పెట్టతో.

"విన్నా నాయనా. వినక ఎక్కడికి పోతా? నా పిల్లలు గుడ్డులోంచి బయటపడ్డాక నా గొంతు కన్నా నీ గొంతే ఎక్కువ విన్నాయి. ఇంతకీ చేను చుట్టూ తిరిగొచ్చావా?"

"మైకుంది కదా."

"ఉంటే? మైకు తిరుగుద్దా?"

"తిరగడం ఎందుకు వదినా, ఇక్కణ్ణుంచే వాగు అవతలి దాకా వినపడతా ఉంటే? కాలం మారింది. నువ్వింకా కాళ్లతో కెలుక్కుని తినే రోజుల్లోనే ఉన్నావు."

"కాళ్లతో కాకపోతే దేంతో కెలకమంటావు?" పెట్టకు ఒళ్లు మండింది.

పుల్లన్న నెమరు ఆపాడు. "ఒరే అబ్బాయ్, ఒక మాట చెప్తా విను. ఈ ఇంటికి ట్రాక్టరొచ్చిన రోజు నేనూ ఇట్టాగే పడుకుని సంబరపడ్డా. మా జతగాడు కూడా, ఇంక మెడ మీద కాడి ఉండదన్నా అని గంతులేశాడు. ఆ తర్వాత సంతరోజు వాణ్ణి తోలుకుపోయారు. ఎరువు లాగడానికి ఒకడు చాలన్నారు."

"అయితే ఏంది పెద్దయ్యా, ట్రాక్టరు వద్దంటావా? నీ మెడ పుండు మానింది కదా."

"మానింది. వద్దని నేనన్లా. నీ పని అది చేస్తా ఉంటే నువ్వేం చేస్తున్నావో చూసుకోమంటున్నా."

"మీ కాలంవాళ్లకి కొత్తది ఏదొచ్చినా కడుపుమంటే," అని టైగరు అటు తిరిగి పడుకున్నాడు.

ఈ మాట నేను పెళ్లి పందిళ్లలో విన్నాను, బస్టాండుల్లో విన్నాను, మా ఇంట్లోనూ విన్నాను. యంత్రం గురించి ఒక్క ప్రశ్న అడిగితే చాలు, అడిగినవాడు పాతచింతకాయ పచ్చడి అయిపోతాడు. పుల్లన్న కూడా అయిపోయాడు. మళ్లీ నెమరేసుకున్నాడు.

మొదట్లో చిలకలు బెదిరిన మాట నిజమే. చేను మీదికి వచ్చినవి వచ్చినట్టే తిరిగిపోయాయి. ఆ ముచ్చట ఎంతోకాలం సాగలేదు. ఎంత అరిచినా ఈ బూర రాయి విసరదని వాటికి తెలిసిపోయింది. కంకులు తెంపుకొచ్చి ఆ బూర మీదే కూర్చుని తినడం మొదలుపెట్టాయి. గింజల పొట్టు కింద పడుకున్న టైగరు ముక్కు మీద రాలుతోంది.

"చూడు, పైకి చూడు," అంది పెట్ట.

టైగరు ఒక కన్ను తెరిచాడు. "అవి చెవిటివి వదినా. వాటికి మైకు ఏం చేస్తుంది?"

పెట్ట పిల్లల్ని వెంటేసుకుని వామి వైపు పోయింది. వీడితో వాదించి ఏం లాభం?

వాగు అవతల నక్క కూడా మొదట హడలిపోయింది. ఎడతెగకుండా మొరిగే కుక్కను అది పుట్టి ఎరగదు. అయితే భయం వేసినా ఆలోచించడం మానని జాతి కదా, పొదలో పడుకుని చెవులు రిక్కించి వింది. నిజంగా కుక్క మొరిగితే ఆ మొరుగు దగ్గరికైనా రావాలి, దూరమైనా పోవాలి. ఇది ఒకేచోట పాతేసినట్టుంది. పైగా మొరిగే ముందు ప్రతిసారీ ఆదెయ్య దగ్గుతున్నాడు. యజమాని దగ్గితే తప్ప మొరగని కుక్క ఎక్కడైనా ఉంటుందా? అసలు కుక్క ఏం చేస్తోందో చూద్దామని జొన్నల చాటున పొంచి పొంచి వచ్చింది.

"మామా, ఓ టైగరు మామా."

టైగరు తల ఎత్తాడు. "ఎవర్రా అది?"

"నేనే మామా, వాగు అవతల నీ అల్లుణ్ణి. నా మీదికి రాబాక, దండం పెట్టి పోదామని వచ్చా. నీ దెబ్బకి మా ఇంట్లో ఎవరికీ కంటి మీద కునుకు లేదు. పొద్దస్తమానం మొరుగుతానే ఉంటివి. గొంతు పోదా?"

"నేను కాదురా పిచ్చోడా. మైకు. గొంతు మాత్రం నాదే."

"అబ్బో. అంటే నువ్వు పడుకున్నా నీ గొంతు కాపలా కాస్తా ఉంటది. పెట్టి పుట్టావు మామా. మరి మధ్య మధ్యలో నువ్వూ మొరుగుతావా?"

"ఎందుకు మొరుగుతా?"

"మొరగబాక. అది చెబుదామనే వచ్చా. అంత పెద్ద గొంతు విన్న చెవులకి నీ ఉత్త గొంతు ఏమానుద్ది? ఉన్న పేరు కాస్తా పోద్ది. మేమెట్టాగూ ఊరు విడిచి పోతున్నాం. ఉంటా మామా."

జొన్నలు కదిలి ఊరుకున్నాయి. పెట్ట పరుగున వచ్చింది.

"ఎవరితో మాట్లాడుతున్నావు?"

"నక్కతో. మైకు దెబ్బకి ఊరు విడిచి పోతున్నారంట."

"నక్క ఇంత దగ్గరికొస్తే తరమకుండా ఊసులాడి పంపించావా?"

"పోతున్నవాణ్ణి తరమడం దేనికి వదినా?"

పెట్ట నెత్తీ నోరూ బాదుకుంది. "నాయనా, నాకు నీ మైకొద్దు, నీ పేరొద్దు. రెక్కలు కూడా రాని పిల్లలున్నాయి నాకు. వాటి మొహం చూసైనా ఒకసారి చేను చుట్టూ తిరిగి రా."

"పోతాలే," అన్నాడు టైగరు. పోలేదు.

మరుసటి మధ్యాహ్నం ఎండ చుర్రుమంటోంది. ఆదెయ్య కొట్టంలో మంచం మీద వెల్లకిలా పడుకుని ఫోన్లో ఏదో చూసి నవ్వుకుంటున్నాడు. పెట్ట పిల్లల్ని గడ్డివామి నీడకు తీసుకొచ్చి పురుగులు చూపిస్తోంది. మైకు డబ్బా వాయించింది. ఆ చప్పుడులో జొన్నాకుల గలగల ఎవరికీ వినపడలేదు. నక్క నేరుగా వాకిట్లోకి వచ్చి పెట్టకూ పిల్లలకూ మధ్యలో నిలబడింది.

పెట్ట కెవ్వుమని అరిచింది. పిల్లలు చెల్లాచెదురై వామి కింద దూరాయి. నక్క మూతి అటు పెట్టేసరికి పెట్ట ఎగిరి దాని మొహం మీద పడింది. గోళ్లతో రక్కింది, ముక్కుతో పొడిచింది. నక్క ఒక్క విసురు విసిరితే తోక ఈకలు దాని నోట్లోనే ఉండిపోయాయి. అయినా పెట్ట మళ్లీ లేచి వామికి అడ్డంగా రెక్కలు చాపి నిలబడింది.

అప్పుడు చూశాడు టైగరు. చూసినవాడు ఊరికే లేడు, ఆ మాట చెప్పాలి. గుండెల్లోంచి మొరుగుతూ నక్క మీదికి ఉరికాడు. కానీ నడిచి ఎన్నాళ్లయిందో. తిని పడుకున్న ఒళ్లు మాట వినలేదు. నక్క వామి చుట్టూ తిప్పించింది. టైగరు రొప్పుతూ వెనకపడ్డాడు. నక్క తాపీగా చుట్టు తిరిగి మళ్లీ పెట్ట ముందుకు వచ్చింది. మనిషి కర్ర పట్టుకుని వస్తే తప్ప ఇది పోయేది కాదని టైగరుకు తెలిసిపోయింది. కొట్టం వైపు తిరిగి ప్రాణం పెట్టి మొరిగాడు.

కొట్టంలో ఆదెయ్యకు వినపడింది. "మైకు ఇయ్యాల బలే మోగుతుందే," అనుకుని అటు ఒత్తిగిలి పడుకున్నాడు.

"మొరుగు మామా, బాగా మొరుగు," అంది నక్క నోట్లో ఈకలు ఊసేసి. "నీ మొరుగు విని వచ్చేదెవరంట?"

టైగరు తల ఎత్తి బూర వైపు చూశాడు. ఇన్నాళ్లూ తన గొంతని మురిసిపోయినది బొంగు మీద హాయిగా మొరుగుతూనే ఉంది. దాని కింద తను మొరిగినా మొరక్కపోయినా ఒకటే.

కట్టుకొయ్య దగ్గర పలుపు తెగేలా గుంజుతున్న పుల్లన్న అరిచాడు. "అబ్బాయ్, ఆ వైరు కొరుకు."

"కొరికితే?"

"మైకు ఆగుద్ది. ఆగితే ఆయన లేస్తాడు."

"అందులో నా గొంతుంది పెద్దయ్యా."

"నీ గొంతు నీ దగ్గరే ఉంది కదరా. కొరుకు."

పెట్ట మళ్లీ కింద పడింది. ఈసారి లేవడానికి తంటాలు పడుతోంది. టైగరు ఇంకేమీ ఆలోచించలేదు. బొంగు కిందికి ఉరికి వైరు పళ్ల మధ్య పెట్టి పటుక్కున కొరికేశాడు.

మైకు దగ్గుతూ దగ్గుతూ మధ్యలో ఆగిపోయింది.

ఎన్నాళ్లకో ఆ వాకిట్లో నిశ్శబ్దం వచ్చింది. చిలకలు కూడా ఉలిక్కిపడి ఎగిరిపోయాయి. కొట్టంలో ఫోను మంచం మీద పడింది. "అయ్యయ్యో, నా మైకు ఆగిపోయిందే," అంటూ ఆదెయ్య చెప్పులైనా వేసుకోకుండా బయటికి పరిగెత్తాడు. పరిగెత్తాకే ఆయన చెవులకు పెట్ట ఏడుపు వినపడింది, టైగరు మొరుగు వినపడింది. వాకిలి నడిమధ్యలో, ఏ చప్పుడు చాటునా దాక్కోవడానికి లేక, మూతికి ఈకలు అంటించుకుని నిలబడిన నక్క కనపడింది.

చూరులో దోపిన కర్ర అందుకుని నడుం మీద ఒక్కటిచ్చాడు. నక్క కుంటుకుంటూ వాగు దాటి, పొద దగ్గర కూడా ఆగలేదు. ఊరు విడిచి పోతున్నామని టైగరుతో చెప్పిన అబద్ధాన్ని ఆ రోజు అదే నిజం చేసుకుంది.

పిల్లలన్నీ వామి కిందనుంచి బయటికొచ్చి తల్లి కడుపు కింద దూరాయి. తోకలేని పెట్ట వాటిని పొదువుకుని కూర్చుంది.

ఇంత జరిగాక ఆదెయ్య ఏం చేశాడంటారా? తెగిన వైరు చేతిలోకి తీసుకుని పళ్ల గాట్లు చూశాడు. "మైకు వైరు కొరుకుతావురా దొంగ సచ్చినోడా," అని టైగరు మీదికి కర్ర విసిరాడు. కూర్చుని వైరు అతుకేశాడు. హేయ్ హేయ్, డబడబ, దగ్గు, భౌభౌ. మళ్లీ ఫోను తీసుకున్నాడు.

"కాపాడినోడికి కర్ర, మైకుకి మర్యాద," అంది పెట్ట. "నేనెవరికి చెప్పుకోవాలి పెద్దయ్యా?"

"ఆయనకి చెప్పడం మన వల్ల కాదులేమ్మా," అన్నాడు పుల్లన్న. "మనవాడికి తెలిసింది. ఈ ఏటికి అది చాలు."

టైగరు పెట్ట దగ్గరికి వచ్చి తల వంచాడు. ఆ తర్వాత లేని ఓపిక తెచ్చుకుని చేను గట్టు పట్టాడు. గట్టు గట్టూ వాసన చూసుకుంటూ, రొప్పుతూ, చుట్టంతా తిరిగి వచ్చాడు. మర్నాడూ తిరిగాడు. ఆ తర్వాత ఎన్నడూ మానలేదు.

ఇప్పుడు ఆ చేలోకి పంది దూరినా, పరాయి మనిషి వచ్చినా టైగరు మొరగడు. మొరిగినా మైకు గోలలో ఎవరికీ పట్టదని వాడికి తెలుసు. నేరుగా కొట్టంలోకి పోయి ఆదెయ్య లుంగీ కొస పళ్లతో పట్టుకుని గుంజుతాడు. లుంగీ ఊడొస్తుంటే ఆదెయ్య తిట్టుకుంటూ లేస్తాడు. లేచాక చేసేదేముంది, వెనకాలే వెళ్లి చూస్తాడు.

"మరి ఆ మైకు అట్టాగే మోగతా ఉంటదా?" అని పెట్ట అడిగింది ఒకరోజు, విసుగ్గా.

"మోగనీ వదినా," అన్నాడు టైగరు. "లుంగీ పట్టి గుంజడం దానికి రాదు."

నీతి: అరిచే పని యంత్రానికి అప్పగించినా, చూసే పని మనమే చేసుకోవాలి.