వేళ్లు తన్నిన తలుపు

పూర్వం ఐబీరియా దేశపు ఉత్తర పర్వతాల పాదాన, మిర్వా అనే నది కొండల్ని చీల్చుకొని మైదానంలోకి దిగే చోట, రొబ్లార్ అనే గ్రామం ఉండేది. ఆ గ్రామం సగం నదికి ఉత్తరపు గట్టున, సగం దక్షిణపు గట్టున ఉండగా, నడుమ ప్రవాహంలో నిలిచిన పెద్ద బండ మీద మరియమాత కోవెల ఉండేది. రెండు గట్ల నుంచీ రెండు రాతివంతెనలు వచ్చి ఆ బండ మీదే కలిసేవి కనుక, పెళ్లికైనా, చావుకైనా, బిడ్డకు పేరు పెట్టుకోవడానికైనా ఉభయ తీరాలవారూ ఆ ఒక్క గడపనే దాటేవారు. ఇప్పుడు ఆ ఊరిని రొబ్లార్ అని ఎవరూ పిలవరు. పుయెర్తావివా అంటారు. ప్రాణమున్న తలుపు అని ఆ దేశభాషలో దాని అర్థం. ఆ పేరు ఏ రాజూ పెట్టింది కాదు. ఒనేకా అనే ఒక విధవరాలి పట్టుదల వల్ల వచ్చింది.

ఆ సీమను ఏలిన అజ్నారు మహారాజు బతికినంత కాలం చిన్న చిన్న రాజ్యాలన్నిటినీ కత్తితో ఒక్కటి చేసి, తీరా ప్రాణం పోయే వేళకు తన చేతులతోనే ఆ రాజ్యాన్ని రొట్టె తుంచినట్టు రెండుగా తుంచాడు. మిర్వా నదికి ఉత్తరాన ఉన్నదంతా పెద్దకొడుకు గలిందోకనీ, దక్షిణాన ఉన్నదంతా చిన్నకొడుకు ఫోర్తూనుకనీ చెప్పి కన్ను మూశాడు. ప్రజలు పంచుకునే పశువులు కారన్న సంగతి ఆ మహానుభావుడికి చివరి శ్వాస వరకూ తట్టలేదు. నది నడుమనున్న బండ ఎవరిదో కూడా చెప్పలేదు. తండ్రి సమాధి మీద సున్నం ఆరకముందే అన్నదమ్ములిద్దరికీ ఆ బండ మీదే కన్ను పడింది. కోవెల ఎవరి చేతికి వస్తే వంతెనలు రెండూ వారివే, వంతెనలు ఎవరివైతే అవతలి గట్టు మీదికి సేనను నడిపే దారీ వారిదే.

ఒక ఊరు తమ వశమైందని చెప్పుకోవడానికి ఆ కాలపు రాజులకు ఒక విధి ఉండేది. కొత్త ప్రభువు వచ్చి, ఊరి కోవెలలోని వారందరినీ బయటికి పంపి, తానొక్కడే లోపల నిలిచి తలుపు మూయించాలి. ఆ తరువాత తన చేత్తో దాన్ని తెరిచి, బయటికి వచ్చి గడ్డి కుదురొకటి పీకి అందరికీ చూపించి, జనాన్ని తన ప్రజలుగా లోపలికి పిలవాలి. తలుపు మూసి తెరవనిదే ఊరు అతనిది కాదు. అంతకంటే పాతదైన ఆచారం మరొకటుండేది. కోవెల తలుపుకున్న ఇనుపకడియం పట్టుకొని శరణు కోరినవారి మీద రాజైనా, రాజుకు రాజైనా చెయ్యి వెయ్యకూడదు. వేస్తే వాడికి దేవుడి సన్నిధిలో చోటు లేదు, వాడు చేసిన విధి చెల్లదు.

ఒనేకాకు ఇద్దరు కొడుకులు. పెద్దవాడు వేలా ఉత్తరపు గట్టున తల్లి దగ్గరే ఉండి పొలం చేసుకునేవాడు. చిన్నవాడు మునియో దక్షిణపు గట్టున పిల్లనిచ్చిన వారింట్లోనే ఉండి మామగారి పిండిమర నడిపేవాడు. పొద్దున్నే అన్న ఈ గట్టున నిలిచి కేకేస్తే తమ్ముడు ఆ గట్టు నుంచి బదులు పలికేవాడు. రాజ్యం చీలిన వసంతంలో గలిందో భటులు వచ్చి వేలాకు బల్లెం ఇచ్చి తీసుకుపోయారు. అదే వారంలో ఫోర్తూను భటులు వచ్చి మునియోకు బల్లెం ఇచ్చి తీసుకుపోయారు. అప్పుడు ఆ తల్లికి అర్థమైంది. ఒకే కడుపున పుట్టిన వాళ్లిద్దరూ రేపు ఎదురెదురుగా నిలుస్తారు. ఒకడు గెలిచాడన్న వార్త వచ్చినా తన ఇంట్లో శవం తప్పదు. ఊరు ఏ రాజు వశమూ కాకుండా ఉంటే, ఊరి బిడ్డల్ని అడిగే హక్కు ఏ రాజుకూ ఉండదు. ఆ ఒక్క మాటే మనసులో పెట్టుకొని ఆమె కూర్చుంది.

అంతకు ముందరి ఏడు దొంగలు పడి కోవెల పాత తలుపును తగలబెట్టిపోయారు. తలుపు లేకపోతే విధి జరగదు కనుక, గలిందో అధికారులు వచ్చి, రాజుగారు వచ్చే లోపల కొత్త తలుపు నిలబెట్టాలని హుకుం చేశారు. ఊరి వడ్రంగులు సింధూరమనే పచ్చి ఓక్ మాను కొట్టి వెంటనే తలుపు చేస్తే అది వంకర తిరుగుతుందని మొత్తుకున్నారు. "వంకర తిరిగే లోపల రాజుగారు వచ్చి పోతారు, చెయ్యండి" అన్నాడు అధికారి. కొండ మీద పచ్చగా నిలిచిన సింధూరాన్ని కొట్టి, చెమ్మ ఆరకుండానే పలకలు కోసి, ఒంటిరెక్క తలుపు బిగించి, ఇనుపకడియం తగిలించారు.

గలిందో వచ్చిన ఉదయాన ఊరి జనమంతా బండ మీద గుమిగూడారు. లోపలివారంతా బయటికి రావాలని దండోరా వేయగానే అందరూ వచ్చారు. ఒనేకా మాత్రం గడప దాకా వచ్చి అక్కడే చతికిలబడింది. సగం తెరిచిన తలుపుకూ ద్వారబంధానికీ మధ్య వీపు ఆనించి కూర్చొని, చెయ్యి చాచి కడియం పట్టుకుంది.

"లే, ముసలిదానా! రాజుగారు లోపలికి వెళ్లాలి" అన్నాడు సేనాపతి.

"వెళ్లమనండి. ఆయనకేమన్నా కాళ్లు లేవా? నన్ను దాటుకొని వెళ్లమనండి" అంది ఒనేకా.

జనంలో ఎవరో నవ్వి, ఆ నవ్వును దగ్గుగా మార్చుకున్నారు. గలిందో యువకుడు, ఓపిక తక్కువవాడు. ఆమెను దాటుకొని లోపలికి వెళ్లనైతే వెళ్లాడు గాని, గడప మీద మనిషి ఉండగా తలుపు పడదు కదా. ఊరి పూజారి దగ్గరికి వచ్చాడు.

"ఒనేకమ్మా, రాజులతో మనకెందుకు? వదిలెయ్యి తల్లీ."

"మీకెందుకో నాకు తెలియదు గురువుగారూ. నా బిడ్డల్ని పట్టుకుపోయారు కాబట్టి నాకు కావాలి. శరణు కోరాను. కాదనే ధైర్యం మీకుంటే చెప్పండి."

పూజారి తల వంచుకొని పక్కకు తప్పుకున్నాడు. ఎండ ముదిరింది. రాజు లోపల పచార్లు చేశాడు. దాహమేసి ఆమె తనంతట తానే లేస్తుంది, ఆగమని సేనాపతి సలహా ఇచ్చాడు. ఆమె లేవలేదు. ఈలోగా దక్షిణపు వంతెన మీదికి ఫోర్తూను తన సేనతో వచ్చాడు. అన్న అప్పటికే కోవెల లోపల ఉండడం చూసి మొదట అతని మొహం నల్లబడింది. గడప మీద ముసలామెను చూశాక పగలబడి నవ్వాడు.

"అన్నయ్యా! ఇన్ని కోటలు గెలిచావే, ఒక అవ్వను లేపలేకపోయావా?"

గలిందోకు రోషం వచ్చింది. గడప దగ్గరికి వచ్చి, ఒనేకా ముందు వంగి, గొంతు తగ్గించి మాట్లాడాడు. "నీ పెద్దకొడుకు నా సేనలో ఉన్నాడటగా. ఇవాళే ఇంటికి పంపిస్తాను. చిన్నవాణ్ణి కూడా తమ్ముడి దగ్గర విడిపించి తెస్తాను. నీ ఇద్దరు బిడ్డలూ నీ ఇంట్లో ఉంటారు. కడియం వదులు."

ఆ మాటకు ఒనేకా వేళ్లు సడలిన మాట నిజం. ఆమె కూర్చున్నది ఎందుకు మరి? కొడుకుల కోసమే కదా. ఎదురుగా పొరుగింటి తోదా నిలబడి ఉంది. తోదా ఒక్కగానొక్క మనవణ్ణి కూడా భటులు తీసుకుపోయారు.

"వదిలెయ్యి వదినా" అంది తోదా. ఆ గొంతులో ఎత్తిపొడుపు లేదు. "నీవాళ్లన్నా బతుకుతారు. మా వాడి రాత మా వాడిది."

ఒనేకా ఆమెకేసి తల ఎత్తింది. "నా ఇద్దర్నీ వెంటబెట్టుకొని నీ వాకిటి ముందు నుంచి ఏ మొహంతో నడవమంటావే?" అంది. రాజు వైపు తిరిగి, "అందర్నీ వదులుతావా? ఈ ఊరి ప్రతి బిడ్డనీ?" అని అడిగింది.

"అందర్నీ వదిలితే నేను రాజునెలా అవుతాను?"

"అయితే నువ్వు అవకు" అంది ఒనేకా. సడలిన వేళ్లు మళ్లీ బిగిశాయి.

గలిందో లేచి నిలబడి, కోపంలో పుట్టిన తెలివితో ఆజ్ఞ ఇచ్చాడు. "ఆమె మీద ఎవరూ చెయ్యి వెయ్యకండి. తలుపును తోయండి. తలుపును తోయడం తప్పని ఏ ఆచారమూ చెప్పలేదు." పచ్చిసింధూరపు రెక్క ఎంత బరువుంటుందో, అది ద్వారబంధానికి అదిమితే ముసలి ఎముకలు ఏమవుతాయో అక్కడున్న అందరికీ తెలుసు. సేనాపతి బలమైన కుర్రాళ్లను పిలిచాడు. ఆ వరుసలో వేలా ఉన్నాడు. ఆమె అతని తల్లి అని సేనాపతికి తెలియదు. వేలా ముందుకు వచ్చి, తలుపు సందులో దూరి, తలుపుకు లోపలి వైపున భుజం ఆనించి, తనవారికే ఎదురు నిలిచాడు.

"తొలగరా వెర్రివాడా!" అని అరిచాడు సేనాపతి.

"ఆమె మా అమ్మ" అన్నాడు వేలా. "తొయ్యండి. మీరు ఎంతమంది తోస్తారో నేనూ చూస్తాను."

వాళ్లు తోశారు. ఒక్కడు ఎంత ఆపుతాడు? రెక్క కదిలి ఒనేకా భుజాన్ని నొక్కింది. ఆమె నొప్పికి పళ్లు బిగించిందే గాని కడియం వదల్లేదు, ఏడవలేదు, రాజును తిట్టలేదు. "అమ్మా మరియా! నీ కొడుకునూ భటులు పట్టుకుపోయారు. ఇంకేం చెప్పను నీకు?" అని మాత్రం అంది.

ఆ మాట ముగియగానే తలుపు ఆగింది. మంది పెరిగారు, బలం పెరిగింది, తలుపు కదల్లేదు. తోసేవారి కాళ్లు బండ మీద జారుతున్నాయి గాని పలక వెంట్రుకవాసి జరగలేదు. అప్పుడొక భటుడు కిందికి చూసి కేక పెట్టాడు. తలుపు అడుగు నుంచి తెల్లని వేళ్లు బయలుదేరి, రాతి సందుల్లోకి పాముల్లా దిగిపోతున్నాయి. పలకల మీద బెరడు కమ్ముకుంటోంది. పైన, రంపం కోసిన చోట, లేత ఎరుపు చిగుళ్లు విచ్చుకొని అందరూ చూస్తూ ఉండగానే పచ్చబడ్డాయి. మిట్టమధ్యాహ్నపు ఎండలో ఒనేకా తల మీద సింధూరపు నీడ పడింది.

దక్షిణపు వంతెన మీద మొదట బల్లెం కింద పడేసినవాడు మునియో. ఆ చప్పుడు విని అతని పక్కవాడు పడేశాడు, ఆ తరువాత ఉభయ సేనల్లోనూ ఊరివాళ్లంతా పడేశారు. ఫోర్తూను మాత్రం ఇంకా లాభమే చూసుకుంటున్నాడు. "అవ్వా! భలే పని చేశావు. మా అన్నను అలాగే లోపల ఉంచు. నిన్ను బంగారంలో ముంచెత్తుతాను" అని కేక వేశాడు. గలిందోకు అప్పుడు తెలిసింది తన పరిస్థితి. కోవెల కిటికీలు బాణం దూరేంత సన్నం. మానైన తలుపుకూ ద్వారానికీ మధ్య మిగిలింది, తోసిన తోపుకు సన్నబడిన ఒక్క సందు. ఆ సందులో ఒనేకా ఉంది, ఆమె ప్రాణం తీయకుండా ఆమెను జరిపే దారి లేదు.

"నీకోసం పట్టి ఉంచలేదు నాయనా ఇతన్ని" అంది ఒనేకా ఫోర్తూనుతో. "కావాలంటే నువ్వూ రా. అన్నకు తోడుగా ఉందువుగాని."

ఈసారి జనం నవ్వును దాచుకోలేదు. ఫోర్తూను వెనక్కి తిరిగి చూస్తే తన సేనలో సగం చేతులు ఖాళీగా ఉన్నాయి. గలిందో గడప దగ్గరికి వచ్చి మోకాళ్ల మీద కూర్చున్నాడు. "అమ్మా, కాస్త దారి ఇయ్యి" అన్నాడు. అజ్నారు కొడుకు పుట్టిన తరువాత ఎవరినైనా దారి అడగడం అదే మొదలు.

"మాట ఇస్తే ఇస్తాను."

ఆ కడియం మీదే చెయ్యి వేసి అన్న లోపలి నుంచి, తమ్ముడు బయటి నుంచి ప్రమాణం చేశారు. రొబ్లార్ ఏ రాజుకూ చెందదు. ఊరి పెద్దను ఊరే ఎన్నుకుంటుంది. ఆ ఊళ్లో పుట్టిన బిడ్డను ఏ రాజూ యుద్ధానికి తీసుకుపోడు. ఒనేకా అప్పుడు లేచింది. భుజం ఎముక విరిగిందని లేచాకే తెలిసింది. వేలా ఒక పక్క, మునియో ఒక పక్క పట్టుకొని ఇంటికి తీసుకుపోయారు. వెనక తోదా మనవడు ఆమె చెప్పులు పట్టుకొని నడిచాడు. ఆ విరిగిన భుజం మళ్లీ సరిగా అతకలేదు. బతికినన్నాళ్లూ ఆమె ఆ చెయ్యి పైకెత్తలేకపోయింది.

అన్నదమ్ములు మారిపోయారని చెబితే అబద్ధమవుతుంది. వేరే చోట, వేరే వంతెనల మీద, వాళ్లు ఏళ్ల తరబడి కొట్టుకున్నారు. ఎన్నో ఊళ్ల తల్లులు ఏడ్చారు. ఈ ఊరి నుంచి మాత్రం ఒక్కడూ పోలేదు.

ఆ సింధూరం ఈనాటికీ కోవెల ద్వారంలో సగం తెరిచిన తలుపులా నిలిచి ఉంది. కొమ్మలు కప్పును దాటిపోయాయి, కడియాన్ని బెరడు మింగేసి బయటికి నెలవంకంత ముక్క మాత్రం కనిపిస్తుంది. వానా మంచూ లోపలికి కొడతాయి, నేల ఎప్పుడూ తడిగానే ఉంటుంది. అయినా ఆ కోవెలకు మరో తలుపు పెట్టాలని ఎవరూ అనరు. ఏటేటా వసంతంలో ఊరు కొత్త పెద్దను ఎన్నుకున్న రోజున, ఊరి తల్లుల్లో ఒకామె ఆ సందులో కూర్చొని ఇనుపముక్క మీద వేలు ఆనిస్తుంది. ఎన్నికైన మనిషి వచ్చి మోకరించి దారి అడుగుతాడు. "మా బిడ్డల్ని ఎవరి యుద్ధానికి పంపుతావు?" అని ఆమె అడుగుతుంది. ఎవరి యుద్ధానికీ పంపనని అతను జవాబు చెబితేనే లేచి దారి ఇస్తుంది. ఒక సంవత్సరం ఒకాయన ఆ జవాబు చెప్పడానికి ముందు కాస్త ఆలోచించాడట. ఆమె లేవలేదు. పొద్దు వాలేదాకా చూసి, జనం ఆయన్ని ఇంటికి పంపి, మరొకరిని ఎన్నుకున్నారు.