ఎలుగుబంటి నాన్న తెచ్చిన కానుకలు

పిల్లలూ, కాస్త దగ్గరికి జరిగి కూర్చోండి. అనగనగా కొండల నడుమ ఒక పచ్చటి అడవి. ఆ అడవిలో దానియేలు అనే ఎలుగుబంటి ఉండేవాడు. అతని భార్య సువార్తమ్మ. వాళ్ళకు ఒక్కతే కూతురు, పేరు ఎస్తేరు.

క్రిస్మస్ వస్తే ఆ అడవిలో అందరికీ పండగే. సాయంత్రం పెద్ద సరుగుడు చెట్టు కింద చేరి పాటలు పాడుకునేవారు. ఆ ఏడు చెట్టుకు వెదురు నక్షత్రం కట్టే వంతు ఎస్తేరుకు వచ్చింది. ఆ పిల్ల కాలు ఒకచోట నిలిస్తే ఒట్టు!

"నాన్నా, నువ్వు నన్ను భుజాల మీద ఎక్కించుకోవాలి. నేను నక్షత్రం కడతాను" అంది.

"అలాగే తల్లీ" అన్నాడు దానియేలు.

కానీ అతని మనసులో ఒక దిగులుంది. కిందటి పండక్కి దుప్పి తన కూతురికి గవ్వల పట్టీలు తెచ్చింది. తను మాత్రం ఏమీ తేలేకపోయాడు. 'ఈసారి నా బిడ్డ కానుకలు చూసి అడవంతా నోరు వెళ్ళబెట్టాలి' అనుకున్నాడు.

పండగ ముందు రోజు పొద్దున్నే వెళ్ళి, గురివింద గింజలు ఏరి దండ గుచ్చుకొచ్చాడు. ఎస్తేరు నక్షత్రంతో ఎదురొచ్చింది.

"నాన్నా, ఒక్కసారి ఎక్కించుకోవా? ఎలా కట్టాలో చూసుకుందాం."

"ఇప్పుడే వస్తానమ్మా" అంటూ మళ్ళీ వెళ్ళాడు. వాగు దాటి నెమలి ఈక తెచ్చాడు. అప్పటికి సాయంత్రమైంది. ఎస్తేరు గుహ ముందే కూర్చుని ఉంది.

"ఇప్పుడైనా ఎక్కించుకుంటావా నాన్నా?"

"అలసిపోయాను తల్లీ, రేపు చూద్దాంలే."

మర్నాడు పండగ. మధ్యాహ్నం అతను తేనెపట్టు కోసం కొండమీదికి బయల్దేరబోతే సువార్తమ్మ అడ్డం వచ్చింది.

"ఏమయ్యా, తెచ్చినవి చాలవా? పిల్ల నీ కోసమే చూస్తోంది."

"పొద్దు గుంకేలోపు వచ్చేస్తానే" అన్నాడతను.

కొండమీద తేనెటీగలు ఒక పట్టాన వదల్లేదు. పట్టు చేతికందేసరికి పొద్దు వాలిపోయింది. దానియేలు ఆయాసపడుతూ పరుగెత్తుకొచ్చాడు. చెట్టు మీద నక్షత్రం అప్పటికే ఊగుతోంది. పాటలు కూడా అయిపోయాయి.

"అబ్బ, ఎంత పెద్ద తేనెపట్టో!" అంది దుప్పి. అందరూ చుట్టూ మూగారు. తను కోరుకున్నది అదే. కానీ అతని కళ్ళు కూతురిని వెతికాయి.

కానుకలు మూడూ ఎస్తేరు ముందు పెట్టాడు. ఆ పిల్ల వాటిని మెల్లగా తాకింది.

"బాగున్నాయి నాన్నా" అని పక్కన పెట్టేసింది.

"నక్షత్రం ఎవరు కట్టించారమ్మా?"

"ఏనుగు తాత నన్ను తొండంతో ఎత్తాడు. పైనుంచి అందరూ కనిపించారు. అమ్మ కనిపించింది. నువ్వే కనిపించలేదు."

దానియేలు తలెత్తి చెట్టు వైపు చూశాడు. నక్షత్రం విప్పి మళ్ళీ కట్టించవచ్చు. కానీ ఆ సాయంత్రాన్ని మళ్ళీ తేలేడు.

"తప్పయిపోయింది తల్లీ" అన్నాడు.

మర్నాడు పొద్దున్నే అడవిపంది పిలిచింది. "బావా, దిబ్బ దగ్గర కొత్త చెదల పుట్ట లేచింది, తినొద్దాం, వస్తావా?"

"ఈరోజు రాను బావా. మా అమ్మాయి దగ్గరుంటాను" అన్నాడు దానియేలు.

ఎస్తేరు కళ్ళు పెద్దవి చేసి చూసింది. పరుగున వచ్చి అతని ఒళ్ళో కూర్చుంది.

"నాన్నా, నిన్న కుందేలు పిన్ని పాట మధ్యలో తుమ్మింది తెలుసా? మేం నవ్వు ఆపుకోలేక చచ్చాం!"

"అవునా? తర్వాత?"

ఆ పిల్ల చెబుతూనే ఉంది. అతను వింటూనే ఉన్నాడు. మధ్యాహ్నానికి చెప్పి చెప్పి అలాగే నిద్రపోయింది. దానియేలు కాళ్ళు తిమ్మిరెక్కాయి. అయినా కదల్లేదు.

నీతి: మనవాళ్ళకు ఎన్ని కానుకలు తెచ్చినా, పండగ పూట వాళ్ళ పక్కన మనం లేని లోటు తీరదు.